డెమోకి ఒక గంట ముందు

బెంగళూరులో హైఫై దుకాణాలు నడిపే పెద్దలకు, ఆ దుకాణాల డెమో గదుల్లో పాటలు పెట్టి వినిపించే తమ్ముళ్లకు,

పోయిన జనవరిలో ఒక శనివారం పొద్దున మా మేనకోడలినీ, ఆమె భర్తనూ వెంటబెట్టుకుని మీలో ఒకరి దుకాణానికి వచ్చాను. పేరు రాయను. నేను చెప్పబోయేది ఒక్క దుకాణానికి సంబంధించింది కాదు. పెళ్లయి రెండేళ్లయింది, ఇద్దరూ జీతాల్లోంచి కొంచెం కొంచెం దాచి ఇంటికి ఒక మంచి స్టీరియో కొనుక్కోవాలనుకున్నారు. నేను హిందూపురం వదిలి మత్తికెరెలో కాపురం పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. సాయంత్రాలు పాత యాంప్లిఫయర్లు విప్పుకుని కూర్చుంటానని తెలుసు కాబట్టి "మామా, నువ్వు రాకపోతే మేం వెళ్లం" అంది పిల్ల.

మేం వెళ్లేసరికి అప్పుడే షట్టర్ ఎత్తారు. గదిలో స్వెట్టర్ తీయబుద్ధి కానంత చలి. మొదటి యాంప్లిఫయర్ స్విచ్ మా కళ్లముందే వేశారు. వేసిన నిమిషంలోనే పాట మొదలుపెట్టారు. వీణ కచేరీ అది, మా పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటైన రికార్డింగు. "తీగ గీసుకుపోతున్నట్టుంది మామా" అంది. తర్వాత రెండోది వినిపించారు. ముందురోజు ఆపడం మరిచిపోవడంతో అది రాత్రంతా ఆన్‌లోనే ఉందట. అదే వీణ ఇందులో నిండుగా, గుండ్రంగా వచ్చింది. ధర ముప్పై ఐదు వేలు ఎక్కువ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అప్పు చేసైనా ఇదే తీసుకుందామన్నట్టు. ఒక్క వారం ఆగమని నేనే చెప్పాను.

మరుసటి వారం సాయంత్రం మళ్లీ వచ్చాం. ఆ దుకాణంలోని తమ్ముడు చాలా మంచివాడు, నేనడిగినదానికి విసుక్కోలేదు. రెండు యాంప్లిఫయర్లనూ గంటసేపు ముందే ఆన్ చేసి ఉంచాడు. నేను తీసుకెళ్లిన మల్టీమీటర్‌ను స్పీకర్ టెర్మినళ్లకు పెట్టి రెండింటి వోల్టేజీ సమానం చేశాం. అప్పుడు తెలిసింది, వాల్యూమ్ నాబ్ ఒకే గీత మీద ఉన్నా రెండోది దాదాపు ఒక డెసిబెల్ ఎక్కువ మోగుతోందని. ఏది మోగుతోందో చెప్పకుండా అదే వీణ పదిసార్లు మార్చి మార్చి వినిపించాడు. మేనకోడలు నాలుగుసార్లు తప్పు చెప్పింది, అల్లుడు ఐదుసార్లు. నేను రెండుసార్లు ప్రయత్నించి, ఊహిస్తున్నానని నాకే అర్థమై మానేశాను. పిల్లలు చవకదే కొనుక్కున్నారు. ఇప్పటికీ సంతోషంగా వింటున్నారు.

ఆ వారం రోజుల్లో డబ్బా లోపల ఏం మారింది, మా చెవుల్లో ఏం మారింది అన్నది మీతో వివరంగా మాట్లాడాలనే ఈ ఉత్తరం.

"ఇంకా వేడెక్కలేదండీ, వేడెక్కాక వినండి" అనే మాట మీ గదుల్లో ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట అబద్ధం కాదు. పెనం కాగకుండా పోసిన మొదటి దోసె ఎలా వస్తుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ఆ మాటలో ఎంత నిజముందో, ఆ నిజం ఎన్ని నిమిషాలు ఉంటుందో చెప్పేవాళ్లు లేరు. దాంతో కొనేవాడి మనసులో అదొక మంత్రంలా మిగిలిపోతోంది.

మా నాయన దగ్గర వాల్వుల రేడియో ఉండేది. వార్తలకు ఐదు నిమిషాల ముందే స్విచ్ వేసేవాడు. ముందు వెనకవైపు రంధ్రాల్లోంచి ఎర్రటి వెలుగు కనబడేది, తర్వాత సన్నగా గుయ్‌మనే చప్పుడు, ఆ తర్వాత ముందు అద్దం మీద పచ్చటి కన్ను విచ్చుకునేది. గొంతు బావిలోంచి వస్తున్నట్టు మొదలై దగ్గరికొచ్చేది. మేం ఆత్రపడితే "కాగనీండ్రా" అనేవాడు. అందులో గొప్ప విద్యుత్ శాస్త్రం ఉందని ఆయనకు తెలియదు. వాల్వు లోపలి కాథోడ్ దాదాపు 700 డిగ్రీలు దాటి కాగితేనే ఎలక్ట్రాన్లు వదులుతుంది. దానికి ఇరవై, ముప్పై సెకన్లు పడుతుంది. అప్పటిదాకా పాట రాదు. వచ్చాక కూడా లోపలి లోహపు రేకులు, గాజు, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ ఒక వేడి దగ్గర కుదురుకోవడానికి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు కావాలి. అంతసేపూ వాల్వులో పారే కరెంటు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. కాబట్టి వాల్వు యాంప్లిఫయర్ విషయంలో ఆగమని చెప్పడం న్యాయమే.

ఆ వాల్వులు ఎక్కడినుంచో దిగుమతి అయ్యేవే అనుకునేవాణ్ని. ఇక్కడికొచ్చాకే తెలిసింది, మా ఇంటికి దగ్గర్లోనే జాలహళ్ళిలో భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) 1961లో రేడియో వాల్వులు, మరుసటి ఏడాది 1962లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారు చేయడం మొదలుపెట్టిందని. వేడికి వాల్వు ఒకలా స్పందిస్తే జెర్మేనియం దానికి పూర్తిగా వేరు. ఒకటి కాగకపోతే పనిచేయదు, మరొకటి కాగితే చేయిదాటిపోతుంది. వేడెక్కినకొద్దీ ఎక్కువ కరెంటు లాగి, ఆ కరెంటుతో ఇంకా వేడెక్కి, చివరికి కాలిపోయే గుణం జెర్మేనియానిది. ఈ ఊరి ఫ్యాక్టరీలో ఏడాది తేడాతో పుట్టిన ఆ రెండు వస్తువుల స్వభావాలే నేటికీ మీ షోకేసుల్లోని యాంప్లిఫయర్లను నడిపిస్తున్నాయని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మీరు అమ్మేవాటిలో ఎక్కువ భాగం సిలికాన్ ట్రాన్సిస్టర్ల క్లాస్ ఏబీ యాంప్లిఫయర్లు. స్విచ్ వేసిన వెంటనే పాట వస్తుంది కాబట్టి అది సిద్ధంగా ఉందనుకుంటాం. లోపల జరిగేది వేరు. పాట తాలూకు అలలో పైసగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కిందిసగాన్ని ఇంకొకటి మోస్తాయి. ఒకరి చేతిలోంచి ఇంకొకరు నిండుబిందె అందుకునేటప్పుడు నీళ్లు తొణక్కూడదంటే ఒక్క క్షణం ఇద్దరి చేతులూ బిందె మీద ఉండాలి. అలా ఉండటానికి పాట లేనప్పుడు కూడా రెండింటిలో కాస్త కరెంటు పారుతూ ఉండాలి. దాన్నే బయాస్ అంటాం. అది తక్కువైతే అల సున్నా దాటే ప్రతిసారీ చిన్న తొణుకు పడుతుంది. పెద్ద శబ్దంలో అది కలిసిపోతుంది. చిన్న శబ్దంలో, వీణ తీగ మీటాక నాదం సన్నగిల్లేచోట, తంబూరా శ్రుతి అడుగున పరుచుకునేచోట, ఆ తొణుకే ఎక్కువ వినబడుతుంది. మా పిల్ల "గీసుకుపోతున్నట్టుంది" అన్నది కొంత దీనివల్లే అయి ఉండొచ్చు.

ఈ బయాస్‌కు వేడితో తగువు. సిలికాన్ ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి 0.6 వోల్టు పైచిలుకు కావాలి. వేడెక్కేకొద్దీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున ఆ అవసరం తగ్గుతుంది. హీట్‌సింక్ 40 డిగ్రీలు వేడెక్కితే 80 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. అక్కడ మనం నిలబెట్టాల్సింది ఎంత? ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్‌ను ఆనుకుని ఉండే చిన్న రెసిస్టర్ మీద సుమారు 26 మిల్లీవోల్టులు. అది 0.22 ఓమ్ రెసిస్టర్ అయితే దాదాపు 118 మిల్లీయాంపియర్ల కరెంటు. 26 నిలబెట్టాల్సిన చోట 80 కదిలిపోతుంటే ఏ డిజైనరైనా ఊరుకోడు. అందుకే హీట్‌సింక్ మీదే మరో చిన్న ట్రాన్సిస్టర్ బిగించి, వేడి పెరిగేకొద్దీ బయాస్ దానంతటదే దిగేలా కడతారు. చిక్కేమిటంటే ఆ కాపలాదారుకు వేడి ఆలస్యంగా తెలుస్తుంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్ ముక్క క్షణాల్లో కాగుతుంది, కిలోల బరువున్న అల్యూమినియం కాగడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఇద్దరికీ పొత్తు కుదరదు.

ఎస్పీ రోడ్డులో ఒక్కో సామానూ ఏరుకుని నేను కట్టుకున్న యాంప్లిఫయర్ ఒకటి ఇంట్లో ఉంది. చలికాలం పొద్దున స్విచ్ వేసి ఆ రెసిస్టర్ మీద మీటర్ పెడితే 14 మిల్లీవోల్టులు చూపిస్తుంది. పది నిమిషాలకు 20. అరగంట దాటాక 25 దగ్గర ఆగుతుంది. గంట తర్వాత చూసినా 25, రాత్రి పడుకోబోయే ముందు చూసినా 25. స్నేహితుడొకరిది బాగుచేయడానికి వస్తే అందులో వ్యవహారం తలకిందులు, మొదట ఎక్కువ చూపించి మెల్లగా దిగుతుంది. ఇలా డబ్బా డబ్బాకూ తేడా ఉంటుంది. కానీ గంట దాటాక కూడా కదులుతూ ఉండే మంచి డిజైన్ నా చేతికి ఇంతవరకూ రాలేదు. మూడు రోజులు ఆన్‌లో ఉంచితేగానీ పూర్తిగా విచ్చుకోదని మీరు చెప్పేది నా మీటర్‌కు ఎప్పుడూ కనబడలేదు.

అసలు ఆ అరగంట కూడా అక్కర్లేకుండా కట్టవచ్చని నిరూపించినవాళ్లూ ఉన్నారు. 1975లో ఇంగ్లండులో క్వాడ్ కంపెనీ 405 అనే యాంప్లిఫయర్ తెచ్చింది. బరువు మోసే పెద్ద ట్రాన్సిస్టర్లకు బయాసే పెట్టకుండా, అవి చేసే తప్పును పక్కనున్న చిన్న యాంప్లిఫయర్ దిద్దేలా పీటర్ వాకర్ బృందం దాన్ని మలిచింది. సర్దాల్సిన బయాస్ లేదు కాబట్టి వేడితో అది కదిలే ప్రశ్నే లేదు. మీ దగ్గర ఇప్పుడు బాగా అమ్ముడవుతున్న క్లాస్ డీ డబ్బాలదీ దాదాపు ఇదే సంగతి. వాటిలో ట్రాన్సిస్టర్లు పూర్తిగా తెరుచుకోవడమో పూర్తిగా మూసుకోవడమో చేస్తాయి తప్ప మధ్యలో నిలబడి వేడెక్కవు. అలాంటి డబ్బాను చూపించి కూడా "వేడెక్కనివ్వండి" అంటుంటే బాధేస్తుంది. ఏ డబ్బాకు ఆ మాట వర్తిస్తుందో, దేనికి వర్తించదో అమ్మేవాడికి తెలియాలి కదా.

దీనికి పూర్తిగా అవతలి కొసన క్లాస్ ఏ ఉంది. 1969 ఏప్రిల్‌లో జాన్ లిన్స్‌లీ హుడ్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో పది వాట్ల క్లాస్ ఏ యాంప్లిఫయర్ సర్క్యూట్ వేశాడు. నాలుగంటే నాలుగు ట్రాన్సిస్టర్లు. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు 27 వోల్టులు, 1.2 యాంపియర్లు. అంటే పాట ఉన్నా లేకపోయినా ఒక్కో చానెల్ 32 వాట్లు మింగుతూనే ఉంటుంది. రెండు చానెళ్లకు కలిపి 65 వాట్లు కాల్చి, పది పది వాట్ల పాట ఇస్తుంది. ఎస్పీ రోడ్డులో 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు కొని నేనూ ఒకటి కట్టాను. వేలు పెడితే చురుక్కుమంటుంది. నాకు చాలా ఇష్టమైన యాంప్లిఫయర్ అది, ముఖ్యంగా గొంతు వినడానికి. దాన్ని వినే ముందు ఇరవై నిమిషాలు కాగనిస్తాను. ఆ ఇరవై నిమిషాల్లో కాఫీ పెట్టుకుంటాను.

ఇక రెండో సగానికి, చెవుల సంగతికి వస్తాను. నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది దీని గురించే.

మీ దుకాణానికి వచ్చేవాడు ఎలా వస్తాడో ఒక్కసారి ఊహించండి. సిల్క్ బోర్డు దగ్గర గంట ఇరుక్కుని, హారన్ల మధ్య, పక్కన బస్సు ఇంజన్ గర్జిస్తుండగా వస్తాడు. అంతసేపు పెద్ద చప్పుడులో ఉన్న చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది. సన్నని శబ్దాలు, పై స్థాయి శబ్దాలు దానికి అందవు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చుంటే కొన్ని నిమిషాలకో, చప్పుడు మరీ ఎక్కువైతే కొన్ని గంటలకో తేరుకుంటుంది. మీరు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి వెంటనే పాట పెడతారు. మొదటి యాంప్లిఫయర్ అతని మొద్దుబారిన చెవికి వినబడుతుంది. అరగంట తర్వాత పెట్టిన మూడో యాంప్లిఫయర్ తేరుకున్న చెవికి వినబడుతుంది. మూడోదే బాగుందంటాడు. ఆ అరగంటలో వేడెక్కింది డబ్బా అనుకుంటారు మీరు, అతనూ అలాగే అనుకుంటాడు.

చామరాజపేటలో ఫోర్ట్ హైస్కూల్ ఆవరణలో శ్రీరామసేవా మండలివాళ్లు 1939 నుంచీ జరుపుతున్న రామనవమి కచేరీలకు నేను ఏటా వెళతాను. కన్నడ ఊళ్లో కూర్చుని, కన్నడ శ్రోతల మధ్య త్యాగయ్య తెలుగు వింటుంటే హిందూపురంవాడికి కలిగే ఆనందం వేరు. అక్కడ ప్రతిసారీ గమనిస్తాను. వర్ణం పాడుతున్నప్పుడు జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటూ ఉంటారు, మైకుల దగ్గర కుర్రాడు మీటలు తిప్పుతుంటాడు. రెండు కృతులు అయ్యాక ఆవరణ అంతా ఒక్క చెవి అయిపోతుంది. గాయకుడి గొంతూ అప్పటికి తెరుచుకుంటుంది. మూడో కృతి బాగుందంటే అందులో ఆయన వంతెంత, మన వంతెంత అని ఎవరు విడదీసి చెప్పగలరు? కచేరీలో విడదీయాల్సిన అవసరం లేదు. లక్ష రూపాయలు పెట్టి కొనే వస్తువు దగ్గర మాత్రం విడదీయాలి.

విడదీసినవాళ్లు ఉన్నారు కూడా. 1978లో ఇంగ్లండులో క్వాడ్ కంపెనీ తమవే మూడు యాంప్లిఫయర్లను ఒకచోట పెట్టించింది. 1953 నాటి వాల్వుల క్వాడ్ 2, 1967 నాటి ట్రాన్సిస్టర్ల 303, నేను పైన చెప్పిన 405. జేమ్స్ మాయర్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో, అనుభవమున్న శ్రోతలకు ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. వాళ్లు తేడా పట్టుకోలేకపోయారు. వాల్వుకూ ట్రాన్సిస్టర్‌కూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉందని నమ్మిన రోజులవి. యాంప్లిఫయర్లన్నీ ఒక్కటేనని దీన్నిబట్టి నేను అనను. శక్తి చాలక గొంతు పగిలే యాంప్లిఫయర్లు, కష్టమైన స్పీకర్లను మోయలేనివి, బయాస్ తప్పినవి నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. వాటి తేడా కళ్లు మూసుకుని చెప్పొచ్చు. కానీ మంచిగా కట్టిన రెండు యాంప్లిఫయర్ల మధ్య తేడా, పది నిమిషాల్లో, చల్లటి గదిలో, శబ్దస్థాయి సరిచేయకుండా తెలిసిపోతుందని చెప్పడం కొనేవాడికి అన్యాయం.

శబ్దస్థాయి సంగతి ఇంకాస్త చెప్పాలి. ఈ రాష్ట్రంలోనే పుట్టిన వయొలిన్ విద్వాంసుడు చౌడయ్య మైకులు లేని రోజుల్లో వెనక వరుసలవాళ్లకు కూడా వినబడాలని నాలుగు తీగల వయొలిన్‌ను ఏడు తీగలకు పెంచుకున్నాడు. డెమో గదిలోనూ చెవిది అంత సరళమైన స్వభావమే, కొంచెం గట్టిగా వినబడిందాన్ని దగ్గరికి తీసుకుంటుంది. ఆ తేడా రెండు మూడు డెసిబెళ్లు ఉంటే "ఇది గట్టిగా ఉంది" అని పట్టేస్తాం. అర డెసిబెల్ ఉంటే అది గట్టిదనంగా తెలియదు. నిండుదనంగానో, స్పష్టతగానో, "ప్రాణం ఉన్నట్టు"గానో అనిపిస్తుంది. వినేవాడు నిజాయితీగానే చెబుతున్నాడు. అతనికి తెలియనిది నాబ్ సంగతి. దీన్ని సరిచేయడం ఎంత తేలికంటే, వెయ్యి హెర్ట్జ్ స్వరం ఒకటి పెట్టి, స్పీకర్ తీగల దగ్గర మల్టీమీటర్‌తో రెండు యాంప్లిఫయర్లనూ 2.83 వోల్టులకు తేవాలి, ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కు అది ఒక వాటు. రెండింటి మధ్య 30 మిల్లీవోల్టులకు మించి తేడా లేకపోతే అది 0.1 డెసిబెల్ కిందే లెక్క. రెండు నిమిషాల పని.

చలి గురించి ఇంకో చిన్న విషయం. రికార్డు ప్లేయర్‌తో డెమో ఇచ్చేవాళ్లు కార్ట్రిడ్జ్‌ను కూడా గుర్తుపెట్టుకోండి. దాని సూదిని పట్టి ఉంచే రబ్బరు చలికి బిగుసుకుంటుంది. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట యాంప్లిఫయర్ మీద పడే నిందలో కొంత ఆ రబ్బరుది. స్పీకర్‌ది దీనికి వ్యతిరేకమైన కథ. గట్టిగా వాయించినకొద్దీ లోపలి రాగి చుట్ట కాగి, ప్రతి డిగ్రీకీ దాని నిరోధం 0.4 శాతం దాకా పెరుగుతుంది. నూరు డిగ్రీలు పెరిగితే దాదాపు 40 శాతం. ఒకే జత స్పీకర్ల మీద గంటసేపు గట్టిగా వాయించి, ఆ తర్వాత పెట్టిన యాంప్లిఫయర్ నీరసంగా ఉందంటే ఒక పది నిమిషాలు ఆగి మళ్లీ వినిపించండి.

"రెండు వందల గంటలు ఆడితేగానీ అసలు శబ్దం రాదు, కొత్త బండికి రన్నింగ్-ఇన్ లాంటిది" అని ఇంటికి పంపేవాళ్లను చూశాను. రోజుకు రెండు గంటలు వినేవాడికి రెండు వందల గంటలంటే మూడు నెలలు పైనే. అప్పటికి వెనక్కివ్వగలిగే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కొన్నవాడి చెవి కూడా ఆ శబ్దానికి అలవాటుపడి ఉంటుంది. ఈ ఒక్క మాట చెప్పడం దయచేసి మానండి. వస్తువు నచ్చకపోతే, నచ్చలేదని మొదటి వారంలోనే చెప్పే హక్కు అతనికి ఉంది.

ఇంతకీ వినిపించే ముందు వేడెక్కనివ్వమనడాన్ని చాదస్తం అనుకోకండి. యాంప్లిఫయర్‌ను కొలిచే ముందు వేడి చేయాలని చట్టమే రాసిన దేశం ఉంది. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇళ్లలో వాడే యాంప్లిఫయర్ల వాట్లు ఎలా కొలిచి ప్రకటించాలో నియమం తెచ్చింది. అప్పటిదాకా కంపెనీలు నోటికొచ్చిన వాట్లు వేసుకునేవి. మన దగ్గర డబ్బాల మీద పీఎంపీఓ పేరుతో వేల వాట్లు అచ్చేసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ నియమం ప్రకారం ప్రకటించిన శక్తిలో మూడోవంతు దగ్గర గంటసేపు నడిపి, ఆ తర్వాతే కొలవాలి. మూడోవంతే ఎందుకంటే, క్లాస్ ఏబీ యాంప్లిఫయర్ ఎక్కువగా కాగేది పూర్తి శక్తి దగ్గర కాదు, సుమారు ఆ ప్రాంతంలోనే. అది మరీ కఠినమని తలచి 2000లో ఎనిమిదో వంతుకు తగ్గించారు, గంట మాత్రం గంటగానే ఉంది. ఆ నియమం పుట్టింది వాట్ల నిజాయితీ కోసమే తప్ప నాదం కోసం కాదు. అయినా చల్లటి డబ్బాను చూసి దాని గురించి తీర్పు చెప్పకూడదన్న మర్యాద అందులో ఉంది. మీ డెమో గదికి నేను అడిగేదీ ఆ మర్యాదే.

అలాగని ఎప్పుడూ ఆపకుండా ఉంచమని ఇంటికి వెళ్లేవాడికి చెప్పకండి. లెక్క వేసి చూద్దాం. ఖాళీగా ఉన్నప్పుడే 200 వాట్లు లాగే క్లాస్ ఏ యాంప్లిఫయర్‌ను రోజంతా ఆన్‌లో ఉంచితే రోజుకు 4.8 యూనిట్లు, నెలకు 144. 2023 నుంచి కర్ణాటకలో గృహజ్యోతి కింద ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇస్తున్నారు, అదీ ఆ ఇంటి పాత వాడకాన్ని బట్టి. ఒక్క యాంప్లిఫయరే 144 మింగితే ఆ ఇల్లు గీత దాటడం ఖాయం. వాల్వులవైతే ఇంకో నష్టం. ఈఎల్34 వాల్వు ఒక్కటి హీటర్‌కే దాదాపు 9.5 వాట్లు తింటుంది, నాలుగుంటే 38. కరెంటు ఖర్చు పోనీ అనుకున్నా, వాల్వు ఆయుష్షు కొన్ని వేల గంటలే. ఏడాదికి 8,760 గంటలు. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని బాగుచేసే వాళ్లమంతా నమ్మే లెక్క ఉంది. నా బల్ల మీదికి వచ్చే పాత యాంప్లిఫయర్లలో ఎక్కువ భాగం చచ్చేది ఈ కెపాసిటర్ల దగ్గరే. వినే ముందు అరగంట, వినడం అయ్యాక ఆపేయడం. ఇంటికి ఇంతకన్నా అక్కర్లేదు.

కాబట్టి మీరు చేయాల్సింది పెద్దదేమీ కాదు. డెమో ఉందని ముందే తెలుసు కదా, ఫోన్ చేసి వేళ చెప్పే వస్తారు కదా. పోల్చబోయే యాంప్లిఫయర్లన్నింటినీ గంట ముందు ఆన్ చేసి, చిన్నగా ఏదైనా వాయిస్తూ ఉంచండి. అన్నీ ఒకే లైను మీద ఉంచండి. సాయంత్రం వోల్టేజీ పది శాతం పడిపోతే రెగ్యులేషన్ లేని యాంప్లిఫయర్ గరిష్ఠశక్తి దాదాపు ఐదోవంతు తగ్గుతుంది. ఒకదాన్ని ఇన్వర్టర్ మీద, ఒకదాన్ని మెయిన్స్ మీద వినిపించడం తగదు. వచ్చినవాడికి ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి, తలుపు వేసి, పది పదిహేను నిమిషాలు ఏ పాటా లేకుండా కూర్చోనివ్వండి. అతని చెవులకూ డెమోకి ముందు సమయం కావాలి. వోల్టేజీ సమానం చేయండి. అతను కోరితే ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించండి, కోరకపోతే బలవంతం వద్దు. ధర చీటీ పక్కన ఇంకో చీటీ పెట్టండి, ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు లాగుతుందో, ఎన్ని నిమిషాల్లో కుదురుకుంటుందో రాసి. ఖాళీ వాట్లు కొలవడానికి ప్లగ్గుకు పెట్టే చిన్న మీటర్ ఎస్పీ రోడ్డులో ఎక్కడైనా దొరుకుతుంది. రెండో అంకె కోసం హీట్‌సింక్‌కు ఒక థర్మామీటర్ అంటించి, అది పెరగడం ఆగిన సమయం రాసుకుంటే చాలు.

వినిపించే పాటల గురించి కూడా ఒక కోరిక. మీ డెమో డిస్కుల్లో ఎప్పుడూ అదే జాజ్, అదే డ్రమ్ములు. అవి బాగుంటాయి, కాదనను. కానీ ఈ ఊళ్లో వినేవాడికి చిన్నప్పటి నుంచి ఎరుకైన నాదాలు వేరు. మృదంగం తొప్పికి రవ్వ ముద్ద పట్టించి వేసే గుంకి ఎలా ఉండాలో, వీణ మీద గమకం ఎక్కడ నిలబడాలో అతని చెవికి తెలుసు. నిజమైన తంబూరా పక్కన కూర్చున్నవాడికి, తీగ ధ్వని సన్నగిల్లుతున్నచోట యాంప్లిఫయర్ తొణుకు పట్టడానికి ఏ పత్రికలో రాసిన మాటలూ అక్కర్లేదు. అతను తెచ్చుకున్న పాటే పెట్టండి. పూర్తిగా విననివ్వండి, అర నిమిషానికోసారి మార్చకండి.

మా పిల్లలకు ఓపిగ్గా వినిపించిన ఆ తమ్ముడికి ఇదంతా ఇప్పటికే తెలుసు. మొదటిసారి మేం వెళ్లిన పొద్దున అతనికి వీలుపడలేదు, అంతే. మీలో ఎవరికైనా ఇలా ఒకసారి చేసి చూడాలనిపిస్తే, ఏ ఆదివారమైనా పొద్దున దుకాణం తెరిచే గంట ముందు ఒకరు వచ్చి స్విచ్‌లు వేసి ఉంచండి. మల్టీమీటరూ, వెయ్యి హెర్ట్జ్ స్వరం ఉన్న పెన్‌డ్రైవూ నేను తెస్తాను. మా మేనకోడలిని కూడా తీసుకొస్తాను, ఆమెకు ఇంకో వీణ రికార్డింగు దొరికిందట.

ఇట్లు,
మత్తికెరె నుంచి ఒక శ్రోత